మొదటి రిమోట్ విమానం: పడ్డాక మళ్ళీ లేచేదే కొనండి

నా మొదటి రిమోట్ విమానం గాలిలో ఉన్నది పట్టుమని పది సెకన్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానానికి నమూనా అది. పొడవాటి ముక్కు, పొట్టకింద సన్నటి రెక్కలు, ఒంటినిండా రంగుల గుర్తులు. చూడగానే మనసు పారేసుకున్నాను. చేతితో విసిరాను. ఎడమ రెక్క వాలింది. సరిచేద్దామని స్టిక్‌ను కుడికి తోశాను, అవసరానికి మించి తోశాను. విమానం బోర్లా తిరిగింది. కంగారులో స్టిక్‌ను వెనక్కి లాగాను. మామూలుగా అయితే ముక్కు పైకి లేవాలి, కానీ బోర్లా ఉన్న విమానానికి ఆ లాగుడు నేలలోకి దూకమని చెప్పినట్టే. ముక్కు దిగబడింది, మోటారు ఊడింది, ఒక రెక్క మధ్యకు విరిగింది.

ఆ విమానంలో లోపమేమీ లేదు. చేతి కదలికను తక్షణం పాటించేలా దాన్ని తయారుచేశారు, అది అలాగే పాటించింది. లోపమంతా నా ఎంపికలోనే ఉంది. ఆ తర్వాత కొన్నది బొద్దుగా ఉండే ఒక ఫోమ్ విమానం. అందంలో దానికి మార్కులు పడవు. దాని ముక్కును ఎన్నిసార్లు అతికించానో లెక్కలేదు, కానీ నాకు విమానం నడపడం నేర్పింది అదే.

అందుకే మొదటి విమానం కొనాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. ఎంత వేగంగా వెళుతుంది, ఎంత అందంగా ఉంది అన్నవి పక్కన పెట్టండి. పడ్డాక అదే సాయంత్రం మళ్ళీ ఎగరగలదా? ఈ ప్రశ్నకు అవునని జవాబిచ్చేదే చౌక విమానం. తక్కువ ధరకు కొన్నది మొదటి రోజే ముక్కలైతే దానంత ఖరీదైనది మరొకటి లేదు.

పెట్టె మీది ధర, అసలు ఖర్చు

రెండు విమానాల ధరలను పక్కపక్కన పెట్టి పోల్చేముందు పెట్టెలో ఏమేం ఉన్నాయో చూడాలి. ఆర్‌టీఎఫ్ అని రాసి ఉంటే విమానం, ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకుని నడిపే రిమోట్), చాలావరకు బ్యాటరీ, చార్జర్ కూడా అందులోనే వస్తాయి. బీఎన్‌ఎఫ్ అంటే ఆ రిమోట్ సంకేతాలను అందుకునే రిసీవర్ విమానంలో ఉంటుంది, ట్రాన్స్‌మిటర్ మీ దగ్గర ఉండాలి. పీఎన్‌పీ అంటే మోటారు, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) బిగించి ఉంటాయి, రిసీవర్, బ్యాటరీ మీరే కొనుక్కోవాలి. ఏఆర్‌ఎఫ్ అంటే ముందే కట్టిన విమాన దేహం మాత్రమే. లోపలి సామాను చాలావరకు మీరే సమకూర్చుకోవాలి. పీఎన్‌పీ విమానం ఆర్‌టీఎఫ్‌లో సగం ధరకే కనిపిస్తే సంబరపడకండి. ట్రాన్స్‌మిటర్, రిసీవర్, బ్యాటరీ, చార్జర్ అన్నీ కలిపాక చాలాసార్లు అదే ఎక్కువవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విమానాలు వస్తాయి, పోతాయి, మంచి ట్రాన్స్‌మిటర్ మాత్రం ఏళ్ళ తరబడి మీతోనే ఉంటుంది. ఆర్‌టీఎఫ్ పెట్టెలో వచ్చే చవక ట్రాన్స్‌మిటర్ చాలాసార్లు ఆ ఒక్క విమానానికే పనికొస్తుంది. ఈ అభిరుచిలో కొనసాగుతానన్న నమ్మకం మీకు గట్టిగా ఉంటే ట్రాన్స్‌మిటర్‌ను విడిగా కొనడమే మేలు. రేడియోమాస్టర్ పాకెట్ లాంటి చిన్న ట్రాన్స్‌మిటర్లు వచ్చాక ఇది పెద్ద భారం కూడా కాదు. అయితే అన్ని ట్రాన్స్‌మిటర్లూ అన్ని రిసీవర్లతో కలవవు. స్పెక్ట్రమ్ వారిది డీఎస్‌ఎమ్‌ఎక్స్, ఫ్లైస్కై వారిది ఏఎఫ్‌హెచ్‌డీఎస్, అందరూ వాడుకునేలా వచ్చినది ఈఎల్‌ఆర్‌ఎస్. ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేయగలిగినా ఒకదాని భాష మరొకదానికి రాదు. బీఎన్‌ఎఫ్ విమానం కొనేముందు దాని రిసీవర్ ఏ భాష మాట్లాడుతుందో కనుక్కోకపోతే ఇంటికొచ్చాక రెండు వస్తువులూ ఎదురెదురుగా మూగగా కూర్చుంటాయి. చాలా భాషలు తెలిసిన మల్టీప్రోటోకాల్ ట్రాన్స్‌మిటర్లూ ఉన్నాయి. ధర కాస్త ఎక్కువైనా ఈ చిక్కు చాలావరకు ఉండదు.

నాలుగు దారులు

కొత్తవారి ముందున్న ఎంపికలు ఎన్నో ఉన్నట్టు కనిపిస్తాయి కానీ నిజంగా పరిశీలించదగ్గవి నాలుగే.

మొదటిది రెండు మూడు జానలుండే బుల్లి జైరో విమానం. రెక్కల చివర నుంచి చివరకు 400 నుంచి 600 మిల్లీమీటర్లు ఉంటుంది, బరువు చాలా తక్కువ. లోపల ఉండే జైరో అనే చిన్న పరికరం, విమానం వాలినప్పుడల్లా దాన్ని సమతలానికి తెస్తుంది. వీటిలో ఫైటర్ విమానాల నమూనాలూ దొరుకుతాయి, జైరో పుణ్యమా అని వాటిని కొత్తవారు కూడా నడపగలరు. పెట్టె విప్పిన గంటలోనే గాలిలోకి లేపవచ్చు. తేలిక కాబట్టి గడ్డిలో పడితే పెద్దగా ఏమీ కాదు. బరువు లేని చోట దెబ్బా ఉండదు. నాలుగింటిలో జేబుకు అతి తక్కువ భారం ఇదే.

ఇబ్బంది గాలితో వస్తుంది. నెమ్మదిగా వెళ్ళే తేలిక విమానానికి చిన్న గాలి కూడా తన వేగంలో సగంతో సమానం. చెట్ల చిటారు కొమ్మలు కదులుతున్నాయంటే ఆ రోజు దాన్ని పెట్టెలోనే ఉంచాలి. పైగా 400 మిల్లీమీటర్ల విమానం కాస్త దూరం వెళ్ళేసరికి ఒక నల్లటి గీతలా మిగులుతుంది. అది మనవైపు వస్తోందా, అవతలికి పోతోందా అన్నది తెలియదు. కొత్తవారి విమానాలు పోయేది ఎక్కువగా ఇలాగే. చాలాసార్లు మోటారు ఆగదు, సిగ్నల్ తెగదు. నడిపేవారికి విమానం ఎటు తిరిగి ఉందో అర్థం కాదు, అంతే.

రెండోది నా మనసుకు దగ్గరైనది. మోటారు రెక్కల వెనుక ఉండి విమానాన్ని ముందుకు నెట్టే ఫోమ్ విమానం. మల్టీప్లెక్స్ వారి ఈజీస్టార్ ఈ తరహాకు పేరు తెచ్చింది. బిక్స్‌లర్ అదే అడుగుజాడల్లో వచ్చింది. హాబీజోన్ ఏరోస్కౌట్ కూడా వెనుక నుంచి నెట్టే రకమే, దాని రెక్కలు చివర నుంచి చివరకు దాదాపు 1.1 మీటర్లు. ఈజీస్టార్, బిక్స్‌లర్ 1.4 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి.

ఈ అమరిక వల్ల కలిగే మేలు మొదటిసారి ముక్కు మీద పడ్డప్పుడు తెలుస్తుంది. ముందు మోటారు ఉన్న విమానం పడితే ప్రొపెల్లర్ విరుగుతుంది, మోటారు ఇరుసు వంగుతుంది, మోటారును పట్టుకున్న చెక్క ముక్క ఊడుతుంది. వెనుక మోటారు ఉన్నదానికి ముక్కంతా ఫోమే. దెబ్బ ఫోమ్ తింటుంది, ఖరీదైన వస్తువులు వెనుక భద్రంగా ఉంటాయి. రెక్కలు పొడవుగా, పైన ఉంటాయి, కాస్త పైకి వంచి ఉంటాయి కాబట్టి చేతులు వదిలేస్తే విమానం తనంతట తానే సమతలానికి రావాలని చూస్తుంది. థ్రాటిల్ (మోటారు వేగం) పూర్తిగా తగ్గించినా రాయిలా పడిపోదు, జారుతూ దిగుతుంది. ఏం చేయాలో ఆలోచించుకోవడానికి అది మీకిచ్చే ఆ నాలుగు సెకన్లే మీరు కొంటున్న అసలు వస్తువు.

దీనికీ రెండు గుణాలున్నాయి, ముందే తెలిస్తే భయపడరు. మోటారు విమాన దేహం కన్నా పైన ఉంటుంది కాబట్టి థ్రాటిల్ ఒక్కసారిగా పెంచితే ముక్కు కిందికి వంగుతుంది, తగ్గిస్తే పైకి లేస్తుంది. ముందు మోటారు విమానం నడిపినవారికి ఇది విడ్డూరంగా ఉంటుంది. రెండోది దిగేటప్పుడు. ఇంత బాగా తేలే విమానం నేలకు దగ్గరయ్యాక కూడా దిగనని మొండికేస్తుంది, అనుకున్న చోటు దాటి చాలా దూరం పోతుంది. ముందున్న చెట్టును లెక్కలో పెట్టుకునే దిగడం మొదలుపెట్టండి. ఇదే గుణం రెండు మీటర్ల రెక్కలున్న మోటారు గ్లైడర్లలో మరీ ఎక్కువ, వాటికి చాలా విశాలమైన మైదానం కావాలి.

మూడోది చక్రాలున్న ట్రైనర్. రెక్క పైన, మోటారు ముందు, నాలుగు చానెళ్ళు (రిమోట్‌తో విడివిడిగా నడిపే నాలుగు అదుపులు), మూడు చక్రాలు. హాబీజోన్ అప్రెంటిస్ ఈ వర్గంలో ఎక్కువ మందికి తెలిసిన పేరు, 1.5 మీటర్ల రెక్కలతో వస్తుంది. నిజమైన విమానంలా నేల మీద పరుగెత్తి లేస్తుంది, పరుగెత్తి దిగుతుంది. పెద్దది కాబట్టి దూరంగా ఉన్నా స్పష్టంగా కనిపిస్తుంది, గాలికి నిలబడుతుంది. కోసిన గడ్డి మైదానమో, చిన్న రన్‌వేనో, పక్కన నేర్పేవారో ఉంటే నేర్చుకోవడానికి దీనికి సాటి లేదు. ఆ మూడింటిలో ఏదీ లేకపోతే మాత్రం ముందుచక్రాన్ని, ప్రొపెల్లర్లను మార్చుకుంటూ కూర్చోవాలి. బ్యాటరీలు కూడా పెద్దవి, ఖర్చు అక్కడ పెరుగుతుంది.

నాలుగోది ఫోమ్ బోర్డు కోసి సొంతంగా కట్టుకోవడం. ఫ్లైట్ టెస్ట్ వారి టైనీ ట్రైనర్ ఇందుకు మంచి ఉదాహరణ. మూడు చానెళ్ళతో నేర్చుకోవడానికి ఒక రెక్క, తర్వాత నాలుగు చానెళ్ళకు మరో రెక్క, రెండూ ఒకే దేహానికి పడతాయి. దేహం ఖర్చు దాదాపు లేనట్టే. విరిగితే సాయంత్రానికి మరొకటి కోసుకోవచ్చు. మోటారు, సర్వోలు అందులోంచి తీసి ఇందులో పెట్టడమే. చేతిపని ఇష్టమున్నవారికి ఇది ఒక పండగ. అయినా ఒంటరిగా నేర్చుకునే కొత్తవారికి మొదటి విమానంగా దీన్ని సూచించడానికి నేను వెనుకాడతాను. విమానం పక్కకు లాగి పడిపోయిందనుకోండి, రెక్క వంకరగా అతికించినందుకా, నడపడం రానందుకా? రెండూ మీకు కొత్తే అయినప్పుడు తప్పు ఎక్కడుందో తెలియదు. పక్కన ఒక అనుభవజ్ఞుడు ఉండి మొదటిసారి గాలిలోకి లేపి సరిచేసిపెడితే మాత్రం నిశ్చింతగా ఈ దారిన వెళ్ళండి.

జెట్ రూపాలు, రెండంతస్తుల రెక్కలవి, విన్యాసాలు చేసేవి, బాల్సా చెక్కతో కట్టినవి రెండో ఏడాదికి వదిలేయండి.

జైరో మేలా, కీడా

పాతతరం వారు కొందరు జైరోతో నేర్చుకుంటే నేర్చుకున్నట్టే కాదంటారు. నేను ఒప్పుకోను. హొరైజన్ హాబీ వారి సేఫ్ లాంటి ఏర్పాట్లలో సాధారణంగా మూడు స్థాయిలుంటాయి. మొదటిదానిలో విమానం ఒక హద్దుకు మించి వాలదు, స్టిక్ వదిలితే సమతలానికి వస్తుంది. నడిమి స్థాయిలో హద్దులు సడలుతాయి. చివరిదానిలో విమానం పూర్తిగా మీ చేతుల్లో ఉంటుంది. కొన్నింటిలో ఆపదలో నొక్కితే విమానాన్ని సమతలానికి తెచ్చే మీటా ఉంటుంది.

నా విమానం పది సెకన్లలో పడిపోయిన రోజున ఈ ఏర్పాటు ఉండి ఉంటే అది బోర్లా తిరిగేదే కాదు. కాబట్టి రెండు విమానాలు మిగతా అన్నిటిలో సమానమైతే జైరో ఉన్నదే తీసుకోండి. కానీ స్విచ్‌తో స్థాయి మార్చే వీలు ఉందో లేదో చూడండి. ఎప్పటికీ మొదటి స్థాయిలోనే ఉండే విమానంతో కొన్నాళ్ళకు విసుగొస్తుంది, మలుపులో స్టిక్‌ను తిరిగి మధ్యకు తేవడం అన్న అలవాటే చేతికి రాదు. పది, పదిహేను సార్లు క్షేమంగా దింపాక, తగినంత ఎత్తుకు వెళ్ళి ఒక స్థాయి పెంచి చూడండి. తడబడితే వెనక్కి వచ్చే వీలు ఉండనే ఉంది.

చానెళ్ళ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. థ్రాటిల్, ముక్కును పైకీ కిందికీ కదిపే ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్ ఉన్న మూడు చానెళ్ళ విమానం నేర్చుకోవడానికి చాలు. రెక్కలను వాల్చే ఐలెరాన్లతో నాలుగైతే ఎక్కువ కాలం విసుగు పుట్టదు. థ్రాటిల్‌లో తేడాతో మాత్రమే తిరిగే రెండు చానెళ్ళవి ఆటబొమ్మలు. వాటితో వచ్చిన అలవాటు తర్వాత అక్కరకు రాదు.

ఫోమ్ అంటే ఒకే ఫోమ్ కాదు

ప్యాకింగ్‌లో వచ్చే తెల్లటి పూసల థర్మకోల్‌తో చేసిన విమానాలు అతి చౌకగా దొరుకుతాయి. పడితే పెళుసుగా ముక్కలవుతాయి. మామూలు సూపర్ గ్లూ తగిలితే ఆ ఫోమ్ కరిగి గుంట పడుతుంది. ఈపీఓ ఫోమ్ దానికన్నా గట్టిది, నలుగుతుంది కానీ అంత తేలిగ్గా విరగదు, అతికిస్తే అతుక్కుంటుంది. ఈపీపీ అయితే రబ్బరులా వంగి తిరిగి నిలబడుతుంది, కానీ మెత్తన కాబట్టి లోపల కార్బన్ పుల్లలతో బిగువు ఇవ్వాలి. మొదటి విమానానికి ఈపీఓగానీ ఈపీపీగానీ అయి ఉండాలి. అమ్మేవారు ఫోమ్ పేరు చెప్పకపోతే నేనైతే కొనను.

ఈపీఓ ముక్కు నలిగినప్పుడు చేసే వైద్యం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. లోపలి బ్యాటరీని, సామానును తీసేసి, నలిగిన భాగం మీద బాగా వేడిగా ఉన్న నీళ్ళు కొద్దికొద్దిగా పోయాలి. ముడతలు పడి గట్టిపడ్డ ఫోమ్ కళ్ళ ముందే ఉబుకుతుంది, అణగారిన గింజలు ఒక్కొక్కటిగా లేస్తాయి. ముక్కు మునుపటి ఆకారానికి చాలావరకు వస్తుంది. చర్మం కాస్త గరుకుగా మిగులుతుంది, ఎగరడానికి అది అడ్డం కాదు. చీలిక ఉంటే ఆరాక జిగురు పట్టించి, పైన టేపు చుట్టి అరగంట ఆగితే సరి. ముక్కు మీద పడ్డ విమానం అదే సాయంత్రం మళ్ళీ లేచేది ఇలాగే.

కొనేముందు విడిభాగాలు విడిగా దొరుకుతాయో లేదో కూడా చూసుకోండి. రెక్క, తోక, ప్రొపెల్లర్, ఈ మూడూ దొరకని విమానం ఎంత చౌకైనా వద్దు. ప్రొపెల్లర్లు విమానంతో పాటే నాలుగు ఎక్కువ కొనిపెట్టుకోండి.

బ్యాటరీ, చార్జర్

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, నిల్వ ఉంచేటప్పుడు 3.8కి దగ్గరగా ఉండాలి, 3 వోల్టుల కిందికి జారితే పాడవుతుంది. పెట్టెలో వచ్చే చిన్న చార్జర్‌తో పని జరుగుతుంది కానీ సెల్‌లను సమానం చేస్తూ, నిల్వ స్థాయికి తెచ్చే సౌకర్యం ఉన్న చార్జర్ కొంటే బ్యాటరీలు ఎక్కువ కాలం వస్తాయి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 ఆంపియర్లతో చార్జ్ చేయడం క్షేమకరమైన పద్ధతి. చార్జ్ అవుతున్నంతసేపూ పక్కనే ఉండండి, మండే వస్తువుల మీద పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకండి.

ఒక బ్యాటరీతో మైదానానికి వెళితే ఎనిమిది, పది నిమిషాల ఆటకు గంట ప్రయాణం చేసినట్టవుతుంది. రెండు విమానాల మధ్య ధరలో తేడా ఉంటే చవకైనదాన్ని తీసుకుని ఆ మిగులుతో ఇంకో రెండు బ్యాటరీలు కొనమనే నా సలహా. నేర్చుకునేది విమానం ధరతో కాదు, గాలిలో గడిపిన నిమిషాలతో.

పాతది కొంటే

వాడిన విమానం మంచి బేరమే. అమ్మేవారి ముందే బ్యాటరీ తగిలించి రెక్కల మీది, తోక మీది కదిలే పలకలన్నీ కదిలించి చూపించమనండి. సర్వో కరకరమంటే, ఒక వైపు ఇరుక్కుంటే పళ్ళు అరిగినట్టు. రెక్కను కంటికి సమాంతరంగా పట్టుకుని చివర నుంచి చూడండి, మెలిక ఉంటే తెలిసిపోతుంది. అతుకులు ఉన్నంత మాత్రాన వద్దనకండి, నీటుగా ఉన్న అతుకు బాగా చూసుకున్నారనడానికి గుర్తు. బ్యాటరీలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి, వాటి ఆయుష్షు బయటికి కనిపించదు. క్రిస్టల్ మార్చే 35, 72 మెగాహెర్ట్జ్ పాత రేడియోలతో ఉన్నదైతే దేహానికే ధర కట్టండి, రేడియో కొత్తది పెట్టుకోవాల్సిందే.

చివరికి ఏది

మీకు దగ్గర్లో ఉన్నది చిన్న ఖాళీ స్థలమే అయితే, చేతిలో ఉన్నది కొద్ది మొత్తమే అయితే, గాలి లేని వేళలు చూసుకునే ఓపిక ఉంటే, బుల్లి జైరో విమానం. దాని బరువు తక్కువ కావడంలో ఇంకో మేలుంది. చాలా దేశాల్లో రిమోట్ విమానాల నిబంధనలు 250 గ్రాముల దగ్గర మారతాయి, అంతకు తక్కువ ఉన్నవాటికి షరతులు తేలిక. మీ దేశంలో ఆ హద్దు ఏమిటో, ఎక్కడ ఎగరవేయకూడదో కొనేముందే చదువుకోండి.

క్లబ్బు, నేర్పేవారు, గడ్డి కోసిన మైదానం ఉంటే చక్రాల ట్రైనర్. అక్కడివారు ఎడమ స్టిక్‌లో థ్రాటిల్ ఉండే మోడ్ 2 వాడుతున్నారా, కుడివైపు ఉండే మోడ్ 1 వాడుతున్నారా అడిగి మీరూ అదే తీసుకోండి. ఆపదలో వారు మీ ట్రాన్స్‌మిటర్ అందుకోవాలి కదా.

ఒంటరిగా నేర్చుకుంటూ, ఒక మోస్తరు మైదానం ఉన్నవారు ఎవరైనా సరే, ఒక మీటరు నుంచి 1.4 మీటర్ల మధ్య రెక్కలున్న, వెనుక మోటారు ఈపీఓ ఫోమ్ విమానం తీసుకోండి. జైరో ఉంటే ఇంకా మంచిది. నన్ను అడిగేవారిలో ఎక్కువ మందికి నేను చెప్పేది ఇదే.

పార్సిల్ వచ్చేలోగా ట్రాన్స్‌మిటర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్‌లో సాధన చేయండి. రియల్‌ఫ్లైట్ డబ్బు పెట్టి కొనేది, పికాసిమ్ ఉచితం. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క కిందికి వాలి కనిపిస్తే స్టిక్‌ను ఆ రెక్క వైపుకే తోయండి, దానికి ఆసరా ఇస్తున్నట్టుగా. ఈ ఒక్కటీ వేళ్ళకు అలవాటయ్యేదాకా కంప్యూటర్ మీద ఎన్ని విమానాలు కూలినా ఖర్చు లేదు.

మైదానానికి వెళ్ళాక రెక్కల కింద, కంపెనీ చెప్పిన గుర్తుల దగ్గర రెండు వేళ్ళు ఆనించి విమానాన్ని ఎత్తి చూడండి. సమంగానో, ముక్కు ఒక పిసరు వాలుగానో నిలవాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపండి, అలాగే ఎగరవేయకండి. చుట్టుపక్కల మనుషులు లేరని చూసుకుని, గాలికి ఎదురుగా నిలబడి, థ్రాటిల్ ముప్పాతిక వంతు ఇచ్చి, పైకి కాకుండా ఎదురుగా, సమతలంగా విసరండి. వెనుక మోటారు విమానమైతే ప్రొపెల్లర్ మీ చేతి వెనుకే తిరుగుతోందని గుర్తుంచుకుని, విమానం వదలగానే చేతిని కిందికి తీసుకోండి.